జాన్ బాయ్డ్ డన్‌లప్

జాన్ బాయ్డ్ డన్‌లప్ (ఫిబ్రవరి 5, 1840 - అక్టోబర్ 23, 1921) స్కాట్లాండులో జన్మించి ఐర్లండులో స్థిరపడిన పశువైద్యుడు, ఆవిష్కర్త. గాలి నింపిన రబ్బరు టైరును వాడుకకు పనికివచ్చే విధంగా తయారుచేసి లోకానికి అందించిన వ్యక్తిగా ప్రసిద్ధుడు. సైకిలు మొదలుకొని విమానం వరకు నేడు నేలపై దొర్లే వాహనాలలో అధికభాగం ఈ గాలి టైరు మీదనే నడుస్తున్నాయి. అయితే ఇటువంటి టైరును మొట్టమొదట ఊహించినవాడు డన్‌లప్ కాదు. అతనికి నాలుగు దశాబ్దాల ముందే రాబర్ట్ విలియం థామ్సన్ అనే మరొక స్కాట్లాండు దేశీయుడు దానికి పేటెంటు పొంది ఉన్నాడు. ఆ కారణంగానే డన్‌లప్ పేటెంటు చెల్లకుండా పోయింది. అతని పేరు మీద వెలసిన కంపెనీ కోట్లకు పడగలెత్తినా, అతనికి దక్కింది అందులో స్వల్పభాగం మాత్రమే.

== బాల్యము, విద్య ==

డన్‌లప్ స్కాట్లాండు పశ్చిమ తీరానికి చేరువలో, ఎయిర్‌షైర్ ప్రాంతంలోని డ్రెగ్‌హార్న్ గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. ఎడింబరోలోని డిక్ పశువైద్య కళాశాలలో చదివి 19 యేళ్ల వయసుకే పట్టా పుచ్చుకున్నాడు. దాదాపు పదేళ్లు ఎడింబరోలోనే వైద్యం చేసి, 1867లో ఐర్లండుకు తరలివెళ్లాడు. మొదట డౌన్‌పాట్రిక్ పట్టణంలో సోదరుడు జేమ్స్‌తో కలిసి పశువైద్యశాల నడిపాడు. తరువాత బెల్‌ఫాస్ట్ నగరానికి మారి మే వీధిలో సొంత వైద్యశాల నెలకొల్పాడు. మార్గరెట్ స్టీవెన్‌సన్‌ను వివాహమాడాడు. వీరికి ఒక కుమార్తె, ఒక కుమారుడు.

ఆ కాలంలో పశువైద్యం అంటే ముఖ్యంగా గుర్రాల వైద్యమే. సరుకుల రవాణా, ప్రయాణం, ట్రాము బండ్లు అన్నీ గుర్రాల మీద ఆధారపడినవే. బెల్‌ఫాస్ట్ అప్పట్లో నార మిల్లులతో, ఓడల నిర్మాణంతో శరవేగంగా పెరుగుతున్న నగరం. అందువలన 1880 దశకం మధ్యకు డన్‌లప్ వైద్యశాల ఐర్లండులోని పెద్ద పశువైద్యశాలలలో ఒకటిగా లెక్కకు వచ్చింది. రాళ్లు పరచిన వీధులలో ఇనుప పట్టాల చక్రాల బండ్లను లాగి లాగి గుర్రాల కాళ్లు, కీళ్లు ఏ విధంగా పాడవుతాయో ఇతడు రోజూ చూస్తూ ఉండేవాడు. ఇరవై యేళ్లపాటు ఆ కుదుపుల ఫలితాలకు చికిత్స చేసిన వ్యక్తి కుదుపు లేని చక్రాన్ని గురించి ఆలోచించడంలో ఆశ్చర్యం లేదు. రబ్బరుతో చిన్న చిన్న పరికరాలు తయారుచేసుకొనే అలవాటు కూడా ఇతనికి ఉన్నది.

== గాలి టైరుకు ముందు ==

బండి చక్రానికి ఇనుప పట్టా బిగించడం అతి ప్రాచీనమైన పద్ధతి. మన యెడ్లబండి చక్రాన్నే తీసుకుంటే, మధ్యన కుండ, దాని చుట్టూ ఆకులు, ఆకుల చివర చెక్క వలయం, దానిపైన ఇనుప పట్టా ఉంటాయి. పట్టాను కాల్చి ఎర్రబారిన తరువాత చక్రానికి తొడిగి నీళ్లు పోస్తే అది కుంచించుకుపోయి చక్రాన్ని బిగించి పట్టుకుంటుంది. చక్రం అరగకుండా ఇది కాపాడుతుందేగాని, దారిలోని ఎత్తుపల్లాలను ఏమాత్రం మింగదు. ప్రతి రాయీ బండినీ, బండిలోని మనిషినీ, లాగే పశువునూ కుదిపి వదలుతుంది.

1839లో అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసే ప్రక్రియను కనుగొనడంతో రబ్బరు ఎండకు కరగకుండా, చలికి పెళుసుబారకుండా నిలిచే పదార్థమైంది. ఆ తరువాత చక్రాలకు గట్టి రబ్బరు పట్టీలు తొడగడం మొదలైంది. 1880లలో వచ్చిన సైకిళ్లకు, మూడు చక్రాల సైకిళ్లకు ఇవే ఉండేవి. చప్పుడు తగ్గింది గాని కుదుపు పూర్తిగా పోలేదు.

== ప్రయోగం ==

1887 అక్టోబరులో డన్‌లప్ తన కుమారుడు నడిపే మూడు చక్రాల సైకిలు కోసం ప్రయోగాలు ప్రారంభించాడు. పిల్లవాడు బెల్‌ఫాస్ట్ రాళ్ల వీధులలో సైకిలు తొక్కలేక ఇబ్బంది పడుతుండడమే దీనికి ప్రేరణ. తోటకు నీళ్లు పట్టే గొట్టాన్ని చక్రానికి చుట్టాడని ఒక కథ జనంలో ప్రచారంలో ఉన్నది. జరిగినది అంతకంటే పద్ధతిగా జరిగిన ప్రయోగం.

డన్‌లప్ సుమారు 96 సెంటీమీటర్ల వ్యాసం గల చెక్క పళ్లెం ఒకటి తీసుకున్నాడు. పలుచటి రబ్బరు రేకుతో గొట్టం తయారుచేసి, దానిని నార బట్టతో కప్పి చెక్క అంచుకు బిగించాడు. ఫుట్‌బాలుకు గాలి కొట్టే పంపుతో గాలి నింపాడు. ఆపై తన వైద్యశాల ఆవరణలో సైకిలు నుండి విప్పిన మామూలు చక్రాన్ని ఒకసారి, తాను చేసిన చక్రాన్ని ఒకసారి నేలమీద దొర్లించాడు. మామూలు చక్రం కొంతదూరం పోయి పడిపోయింది. గాలి చక్రం ఆవరణ చివరి వరకు దొర్లి, గేటు స్తంభానికి తగిలి వెనక్కు ఎగిరింది. ఒకే నేల, ఒకే చేయి, రెండు చక్రాలు. పోలిక చూడడానికి ఇంతకన్న తేటయైన పద్ధతి లేదు. అదీగాక, మెత్తని చక్రం దారికి అంటుకుని నెమ్మదిస్తుందని అంతవరకు అందరూ నమ్మేవారు. ఫలితం అందుకు పూర్తిగా విరుద్ధంగా వచ్చింది. గట్టి చక్రం ప్రతి గులకరాయి దగ్గర పైకి ఎగిరి తన వేగాన్ని పోగొట్టుకుంటుంది. గాలి చక్రం ఆ రాయిని తనలో ఇముడ్చుకుని ముందుకు సాగిపోతుంది.

తరువాత మూడు చక్రాల సైకిలు యొక్క వెనుక చక్రాలు రెండింటికి గాలి టైర్లు అమర్చాడు. 1888 ఫిబ్రవరి 28న రాత్రివేళ కుమారుడు దానిమీద మొదటి సవారీ చేశాడు. పిమ్మట డన్‌లప్ సైకిలుకు తగిన పెద్ద టైర్లు తయారుచేసి, దక్షిణ బెల్‌ఫాస్ట్‌లోని చెర్రీవేల్ క్రీడా మైదానంలో పరీక్షించాడు. 1888 జూలైలో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అదే సంవత్సరం డిసెంబరు 7న పేటెంటు మంజూరయింది.

== చక్రాల జత ==

డన్‌లప్ ఒక వెనుక చక్రాన్ని వదిలి మరొక దానికి మాత్రం గాలి టైరు వేయలేదు. ఒకే ఇరుసుకు చెందిన రెండింటినీ ఒకేసారి మార్చాడు. ముందు చక్రం వేరుగా ఉన్నా బండి నడిచింది. ఇరుసుకు రెండు వైపులా వేర్వేరు టైర్లు ఉంటే ఏమి జరుగుతుందన్న ప్రశ్న ఈనాటి కారు యజమానులకు కూడా తరచుగా ఎదురయ్యేదే. పంక్చరయిన టైరుకు బదులు చేతికి దొరికిన మరొక కొలత టైరును బిగించుకుని నెలల తరబడి తిరిగేవారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. అందుచేత ఈ విషయాన్ని ఇక్కడ కొంత వివరంగా చెప్పడం అవసరం.

టైరు ప్రక్కన 185/65 ఆర్ 15 వంటి సంఖ్యలు ముద్రించి ఉంటాయి. ఇందులో 185 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అనగా టైరు ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం అని అర్థం. ఆర్ అక్షరం రేడియల్ నిర్మాణాన్ని, 15 లోపలి రిమ్ము వ్యాసాన్ని అంగుళాలలో తెలుపుతాయి. లెక్క కట్టితే ఈ టైరు మొత్తం వ్యాసం సుమారు 621 మిల్లీమీటర్లు. దాని ప్రక్కన 175/65 ఆర్ 15 టైరు పెడితే దాని వ్యాసం సుమారు 608 మిల్లీమీటర్లు. తేడా 13 మిల్లీమీటర్లే, అనగా రెండు శాతం. కంటికి కనిపించనే కనిపించదు. కాని కిలోమీటరు దూరానికి పెద్ద టైరు సుమారు 512 సార్లు తిరిగితే, చిన్నది సుమారు 523 సార్లు తిరగాలి. ఆర్మూరు నుండి నిజామాబాదుకు సుమారు 25 కిలోమీటర్ల దూరం పోయేసరికి చిన్న టైరు 270కి పైగా చుట్లు అదనంగా తిరిగి ఉంటుంది.

స్టీలు గ్లాసును నేలమీద అడ్డంగా దొర్లిస్తే అది తిన్నగా పోక, సన్నని అడుగు వైపుకు తిరుగుతూ గుండ్రంగా పోతుంది. గ్లాసు రెండు చివరలూ ఒకే వస్తువు కావడమే ఇందుకు కారణం. సన్నని చివర ఒక చుట్టు తిరిగితే వెడల్పు చివర కూడా ఒక చుట్టే తిరుగుతుంది గాని ఎక్కువ దూరం పోతుంది. యెడ్లబండి అట్లా తిరిగిపోదు. దాని చక్రాలు ఇరుసు మీద దేనికది స్వతంత్రంగా తిరుగుతాయి కనుక, ఒక చక్రం చిన్నదైతే బండి ఆ వైపుకు ఒరుగుతుందే తప్ప దారి తప్పదు. కారులో ఇంజను శక్తిని రెండు చక్రాలకు పంచవలసి ఉన్నది కనుక వాటి నడుమ డిఫరెన్షియల్ అనే పళ్ల చక్రాల అమరిక ఉంటుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవడానికి వీలుగా దీనిని అమర్చారు. ఫ్రాన్సుకు చెందిన ఒనెసిఫోర్ పెక్కర్ 1827లోనే దీనికి పేటెంటు పొందాడు. తిన్నని రోడ్డు మీద ఈ లోపలి పళ్ల చక్రాలు విశ్రాంతిగా ఉంటాయి. ఒక టైరు చిన్నదైనప్పుడు మాత్రం కారు తిన్నగా పోతున్నా అది నిరంతరం మలుపులో ఉన్నట్లే ఇవి తిరుగుతూ, అరుగుతూ, వేడెక్కుతూ ఉంటాయి.

నాలుగు చక్రాలకూ శక్తి అందే వాహనాలలో సమస్య మరింత పెద్దది. ముందు, వెనుక ఇరుసులు గట్టిగా కలిసి ఉన్నప్పుడు తేడాను మింగే మార్గం లేక, టైరు రోడ్డుమీద జారాలి, లేదా పళ్ల చక్రాలు ఒత్తిడిని భరించాలి. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఎ.బి.ఎస్. అమరిక ఒక్కొక్క చక్రం వేగాన్ని కొలిచి పనిచేస్తుంది. చిన్న టైరు ఎప్పుడూ వేగంగా తిరుగుతుంది కనుక ఆ కొలతలలో ఎడతెగని తేడా కనిపిస్తుంది. తడి రోడ్డుపై వెడల్పాటి టైరుకు ఒక పట్టు, సన్నని దానికి మరొక పట్టు ఉండడం వలన గట్టిగా బ్రేకు వేసినప్పుడు కారు ఒక ప్రక్కకు లాగడం అన్నింటిలోకి ప్రమాదకరం.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటున్నది. కొత్త కారు టైరు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. మన దేశపు మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారుకు అది 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. ఒక వైపు సరికొత్త టైరు, రెండవ వైపు ఆ హద్దు దాకా అరిగిన టైరు ఉంటే వ్యాసంలో తేడా సుమారు 13 మిల్లీమీటర్లు వస్తుంది. పైన లెక్క కట్టిన రెండు వేర్వేరు కొలతల తేడాకు ఇది సమానం. అనగా ప్రక్కన ముద్రించిన అంకెలు ఒకటే అయినంత మాత్రాన టైర్లు జత అయినట్లు కాదు. ఒకే ఇరుసుకు రెండు టైర్లూ కలిపి మార్చాలని తయారీదారులు చెప్పడం వెనుక అమ్మకాల ఆశ కూడా ఉండవచ్చు, కాని లెక్క మాత్రం నిజమే. కొన్ని కార్లకు ఇచ్చే సన్నని అదనపు టైరు మీద గంటకు 80 కిలోమీటర్ల వేగం మించరాదని ముద్రించడానికి కారణమూ ఇదే. అది మెకానిక్కు దుకాణం వరకు చేర్చడానికి ఉద్దేశించినది.

ముందు ఒక కొలత, వెనుక ఒక కొలత ఉండడం దానంతట అది తప్పుకాదు. ట్రాక్టరే అందుకు నిదర్శనం. నాలుగు చక్రాలకూ శక్తి అందే ట్రాక్టరులో చిన్నవైన ముందు చక్రాలు ఎన్ని ఎక్కువ చుట్లు తిరగాలో ముందుగా లెక్క కట్టి, ఆ నిష్పత్తిలోనే గేర్లు అమరుస్తారు. పొలంలో పట్టు కోసం ముందు చక్రాలు కొద్ది శాతం వేగంగానే పోయేటట్లు చేస్తారు. మెత్తని దుక్కిలో ఆ తేడా మట్టిలో కలిసిపోతుంది. అదే ట్రాక్టరుకు లెక్కకు రాని టైరు తొడిగి, ముందు చక్రాల శక్తిని ఆపకుండా తారు రోడ్డు మీద నడిపితే టైర్లు, గేర్లు రెండూ త్వరగా పాడవుతాయి.

== సైకిలు పందెములు ==

డన్‌లప్ టైరుకు పేరు తెచ్చినవాడు విలియం హ్యూమ్. ఇతడు బెల్‌ఫాస్ట్ క్రూజర్స్ సైకిలు క్లబ్బు నాయకుడు. పందెగాళ్లలో మేటి కాదు. ఎడ్లిన్ కంపెనీ వారు తయారుచేసిన గాలి టైర్ల సైకిలును కొని, 1889 మే 18న బెల్‌ఫాస్ట్ క్వీన్స్ కళాశాల క్రీడలలో పాల్గొన్నాడు. లావాటి టైర్లు చూసి జనం నవ్వారు. హ్యూమ్ తాను పాల్గొన్న నాలుగు పందెములూ గెలిచాడు. కొద్దికాలానికి ఇంగ్లండులోని లివర్‌పూల్‌లోనూ ఒకటి తప్ప అన్ని పందెములూ గెలిచాడు. మేటివాడు గెలిస్తే ఘనత అతని కాళ్లకు పోయేది. సామాన్యుడు గెలవడంతో అందరి చూపు చక్రాల మీద పడింది.

ఆనాడు ఓడినవారిలో ఐర్లండు సైక్లిస్టుల సంఘం అధ్యక్షుడు హార్వే డు క్రాస్ కుమారులు ఉన్నారు. కుమారుల ఓటమికి కారణం గ్రహించిన డు క్రాస్ 1889లోనే డబ్లిన్‌లో కంపెనీ స్థాపించాడు. డన్‌లప్ తన పేటెంటును అతనికి వ్రాసి ఇచ్చి, బదులుగా కంపెనీలో 1,500 వాటాలు పుచ్చుకున్నాడు.

== పేటెంటు చెల్లకపోవడం ==

పేటెంటు మంజూరైన రెండేళ్లకు అది చెల్లదని డన్‌లప్‌కు అధికారికంగా తెలియజేశారు. రాబర్ట్ విలియం థామ్సన్ (1822 - 1873) 1845లో ఇంగ్లండులో, 1846లో ఫ్రాన్సులో, 1847లో అమెరికాలో గాలి టైరుకు పేటెంటు పొంది ఉన్నాడు. రబ్బరు పూసిన బట్టతో గొట్టం, దానిపై తోలు కవచం, ఇదీ అతని చక్రం. లండను రీజెంట్స్ పార్కులో గుర్రపు బండికి తగిలించి 1847లో ప్రదర్శించాడు కూడా. బండి తేలికగా, చప్పుడు లేకుండా పోవడం అందరూ చూశారు. కాని అప్పటికి సైకిలు లేదు, మోటారు లేదు, తగిన పలుచటి రబ్బరు చవకగా దొరకదు. ఊహ ముందు పుట్టింది, దాని అవసరం నలభై యేళ్ల తరువాత పుట్టింది. థామ్సన్ గాలి టైరును విడిచి గట్టి రబ్బరు పట్టీలతో ఆవిరి బండ్లు తయారుచేశాడు. వాటిలో కొన్ని 1870లలో పంజాబు రోడ్ల మీద నడిచాయి. ఆ విధంగా థామ్సన్ రబ్బరు చక్రం డన్‌లప్ టైరు కంటే ముందే భారతదేశానికి వచ్చింది.

డన్‌లప్‌కు థామ్సన్ సంగతి తెలియదన్నది సాధారణంగా చరిత్రకారులు అంగీకరించిన విషయం. తెలియకుండా తిరిగి కనుగొన్నవానికి చట్టం దృష్టిలో హక్కు లేదు. అయినా టైరు వాడుకలోకి రావడానికి కారకుడు డన్‌లపే. ఆవిష్కర్త బిరుదు ఎవరికి చెందాలన్న తర్కంలో ఈ ఇద్దరిలో ఏ ఒక్కరినీ విస్మరించడం న్యాయం కాదు.

కంపెనీ నిలబడింది వేరే పేటెంట్ల బలం మీద. మొదటి టైర్లను జిగురుతో రిమ్ముకు అంటించేవారు. పంక్చరైతే విప్పి అతికించడం పెద్ద పని. 1890లో చార్ల్స్ వెల్ష్ తీగ అంచుల టైరును, విలియం బార్ట్‌లెట్ మడత అంచుల టైరును వేర్వేరుగా రూపొందించారు. టైరును విప్పి తిరిగి తొడగడం వీటితో సులభమైంది. డు క్రాస్ ఆ రెండు హక్కులనూ కొన్నాడు. రబ్బరు, నాఫ్తా వాసనలు భరించలేమని డబ్లిన్ నగరపాలకులు అభ్యంతరం చెప్పగా తయారీ ఇంగ్లండులోని కావెంట్రీకి, క్రమంగా బర్మింగ్‌హామ్‌కు మారింది.

డన్‌లప్ 1895లో కంపెనీ నుండి తప్పుకున్నాడు. మరుసటి సంవత్సరమే డు క్రాస్ కంపెనీని టెరా హూలీ అనే వ్యాపారికి 30 లక్షల పౌండ్లకు అమ్మాడు. హూలీ దానినే ప్రజలకు వాటాల రూపంలో 50 లక్షల పౌండ్లకు అమ్మి, రెండేళ్లలో దివాలా తీశాడు. ఈ లక్షలలో దేనికీ డన్‌లప్‌తో సంబంధం లేదు. కంపెనీ పేరులో మాత్రం డన్‌లప్ చేరి స్థిరపడింది.

== మోటారు కార్లు ==

గాలి టైరును కారుకు తొడిగినవారు ఫ్రాన్సుకు చెందిన మిషెలిన్ సోదరులు. 1895లో జరిగిన పారిస్ - బోర్డో - పారిస్ పందెంలో తమ కారును గాలి టైర్ల మీద నడిపారు. దారిలో ఎన్నో ట్యూబులు పాడయ్యాయి, గెలుపూ దక్కలేదు. కాని కారు బరువును గాలి మోయగలదని రుజువైంది. ఆపై కొద్ది సంవత్సరాలలోనే గట్టి రబ్బరు చక్రాల కార్లు కనుమరుగయ్యాయి.

== రబ్బరు వెనుక మనుషులు ==

టైర్ల గిరాకీ పెరగడంతో ముడి రబ్బరు కోసం ప్రపంచమంతటా వేట మొదలైంది. బెల్జియం రాజు లియోపోల్డ్ ఏలుబడిలోని కాంగోలో అడవి రబ్బరు కోసం ప్రజలను చిత్రహింసలకు గురిచేశారు. బ్రిటిష్ కాన్సల్ రోజర్ కేస్‌మెంట్ నివేదిక 1904లో వెలువడిన తరువాత గాని ఈ ఘోరాలు బయటి ప్రపంచానికి పూర్తిగా తెలియలేదు. డన్‌లప్ ఊహించినది గాని, కోరినది గాని కాదిది. అయినా బెల్‌ఫాస్ట్ ఆవరణలో దొర్లిన చక్రానికీ దీనికీ ఉన్న సంబంధాన్ని విడదీసి చెప్పడం కుదరదు.

1876లో బ్రెజిల్ నుండి లండను క్యూ తోటకు చేరిన రబ్బరు విత్తనాల సంతతి సింహళంలో, మలయాలో తోటలుగా విస్తరించింది. డన్‌లప్ కంపెనీ కూడా 1910 ప్రాంతంలో మలయాలో సొంత తోటలు సంపాదించింది. మలయా తోటలలో పనిచేయడానికి దక్షిణ భారతదేశం నుండి వెళ్లినవారిలో తమిళులు అధికులు. విశాఖపట్నం, గంజాం, గోదావరి ప్రాంతాల తెలుగువారూ వేల సంఖ్యలో ఉన్నారు. నేడు మలేషియాలో ఉన్న తెలుగువారిలో అనేకులు ఆ కూలీల సంతతి. తెల్లవారకముందే లేచి, చెట్ల బెరడును వాలుగా గాటుపెట్టి పాలు పట్టడం వారి నిత్యకృత్యం. టైరు చరిత్రలో తెలుగువారి పాత్ర అంటూ ఉంటే మొదట చెప్పుకోవలసినది వీరినే.

== భారతదేశంలో, తెలుగునాట ==

డన్‌లప్ కంపెనీ 1936లో బెంగాలులోని హుగ్లీ జిల్లా సాహాగంజ్‌లో టైర్ల కర్మాగారం ప్రారంభించింది. ఇది మన దేశంలోని తొలి టైర్ల కర్మాగారాలలో ఒకటి. తరువాతి కాలంలో యాజమాన్యాలు మారి మూతపడింది. కార్ల టైర్లతో పాటు పశువులు లాగే బండ్లకు గాలి టైర్లు కూడా మన దేశంలో ప్రచారంలోకి వచ్చాయి. ఉత్తర భారతంలో అటువంటి బండిని డన్‌లప్ బండి అనే వ్యవహరించేవారు. పశువుల కాళ్ల బాధ చూసిన వైద్యుడి పేరు ఎద్దుల బండికి చేరడం సముచితంగానే ఉన్నది.

నిజామాబాదు జిల్లాలో ఆర్మూరు, బాల్కొండ, ముప్కాల్ పరిసరాలు పసుపు పంటకు పేరుపొందినవి. తవ్విన పసుపును ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపెట్టి, సంచులకెత్తి నిజామాబాదు మార్కెట్టు యార్డుకు తీసుకుపోతారు. ఇనుప పట్టాల బండ్లు పోయి టైరు బండ్లు, అవీ పోయి ట్రాక్టరు ట్రాలీలు వచ్చాయి. ఇనుప పట్టా మట్టి బాటను కోసివేస్తుంది. గాలి టైరు బరువును ఎక్కువ వెడల్పు మీద పరచడం వలన బాటకూ, పశువుకూ శ్రమ తగ్గి, అదే జత ఎద్దులు ఎక్కువ బరువు లాగగలుగుతాయి. ట్రాలీలకు లారీల నుండి తీసివేసిన పాత టైర్లు వేసుకోవడం పల్లెలలో మామూలే. పొలం గట్ల మీద, తక్కువ వేగంలో దానివలన పెద్ద నష్టం కనిపించదు. కాని సంచులు ఎత్తుగా పేర్చిన ట్రాలీకి ఒక వైపు కొత్తది, ఒక వైపు బోడి టైరు ఉంటే బరువు ఒరిగిన వైపు టైరు మీదనే అధికంగా పడి, అది ముందుగా వేడెక్కి పగులుతుంది. ఆర్మూరు మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి వంటి వేగవంతమైన దారి ఎక్కినప్పుడు ఈ లోపం బయటపడుతుంది.

== చివరి దశ ==

కంపెనీని వీడిన తరువాత డన్‌లప్ డబ్లిన్‌లో నివసించాడు. అక్కడి ఒక బట్టల వ్యాపార సంస్థలో భాగస్వామిగా ఉన్నాడు. నిరాడంబరుడు. పొడవైన తెల్లని గడ్డంతో ఉన్న అతని ముఖచిత్రాన్ని వ్యాపార చిహ్నంగా వాడుకొనడానికి కంపెనీకి లోగడ అనుమతి ఇచ్చి ఉన్నాడు. కంపెనీవారు ఆ ముఖానికి ఎవరిదో శరీరం తగిలించి, ఎత్తైన టోపీ, చేతికర్రతో షోకిలాగా చిత్రించి ప్రకటనలలో ప్రచురించారు. తనను నవ్వులపాలు చేశారని డన్‌లప్ ఐర్లండు న్యాయస్థానంలో పరువునష్టం దావా వేశాడు. ఇంగ్లండులోని కంపెనీపై ఐర్లండులో దావా నడవవచ్చునా అన్న ప్రశ్న ప్రభువుల సభ దాకా పోయింది. అక్కడ తీర్పు డన్‌లప్ పక్షాన వచ్చింది. పేటెంటు పోయినప్పుడు, వాటాలు పోయినప్పుడు పెద్దగా రచ్చకెక్కని మనిషి ఎనభై యేళ్ల వయసులో తన రూపం కోసం తన పేరే గల కంపెనీతో పోరాడడం గమనింపదగినది.

డన్‌లప్ 1921 అక్టోబర్ 23న డబ్లిన్ బాల్స్‌బ్రిడ్జ్‌లోని స్వగృహంలో 81వ యేట మరణించాడు. డీన్స్ గ్రేంజ్ శ్మశానవాటికలో ఖననం చేశారు. గాలి టైరు చరిత్రపై అతడు వ్రాసుకున్న పుస్తకాన్ని అతని మరణానంతరం కుమార్తె ప్రచురించింది.

== స్మారకములు ==

ఉత్తర ఐర్లండులోని నార్దర్న్ బ్యాంకు తన పది పౌండ్ల నోటుపై డన్‌లప్ చిత్రాన్ని ముద్రించింది. 2005లో అమెరికాలోని ఆటోమోటివ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఇతని పేరు చేర్చారు. ఇతడు చేసిన తొలి టైర్లలో ఒకటి ఎడింబరోలోని స్కాట్లాండు జాతీయ మ్యూజియంలో ఉన్నది. డన్‌లప్ పేరుతో టైర్లు అమ్మే హక్కు 1980ల నుండి వేర్వేరు దేశాలలో వేర్వేరు కంపెనీలకు చెందుతూ వచ్చింది. ఐరోపా, ఉత్తర అమెరికాలలో ఆ హక్కును 2025లో జపానుకు చెందిన సుమిటోమో రబ్బరు కంపెనీ గుడ్‌ఇయర్ కంపెనీ నుండి కొన్నది.